సీలు పడిన చోటే పట్టుకోవాలి: గాజువాక పౌచ్ యూనిట్‌లో ఏఐ తనిఖీ (కేస్ స్టడీ)

గాజువాక ఆటోనగర్‌లోని ఒక చిన్న యూనిట్‌లో పౌచ్ తయారీ మెషిన్ మీద ఏఐ తనిఖీ పెట్టిన పని వివరం ఇది. మెషిన్‌కు కెమెరా తగిలిస్తే చాలు, చెడ్డ సరుకు దానంతటదే ఆగిపోతుందన్న మాట మన పరిశ్రమలో గట్టిగా వినిపిస్తోంది. అమ్మేవాళ్లూ అలాగే చెబుతున్నారు. నేను చూసినంతలో ఈ పని నిలబడేది ఒకే విషయం మీద: ఏది మంచి సీలు, ఏది చెడ్డ సీలు అని మోడల్‌కి (బొమ్మలు చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రాంకి) మనం ఏ ఆధారంతో చెప్పాం? ఆ ఆధారం గట్టిదైతే మామూలు హార్డ్‌వేర్ కూడా పనికొస్తుంది. అది కంటి అంచనా అయితే ఎంత ఖరీదైన పెట్టె తెచ్చినా అంచనా అంచనాగానే మిగులుతుంది.

యూనిట్‌లో ఫిల్మ్ పొరలను జిగురుతో అతికించే లామినేషన్ మెషిన్ ఒకటి, ఆ ఫిల్మ్‌ని కావలసిన వెడల్పుకి కోసే స్లిట్టింగ్ మెషిన్ ఒకటి, రెండు పౌచ్ మెషిన్లు ఉన్నాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లవాళ్లే. 2009లో మన దేశంలో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక రొయ్యల ఎగుమతి ఎన్నో రెట్లు పెరిగింది. విశాఖ రేవు ఆ ఎగుమతుల్లో ముందువరుసలో ఉంటుంది. గడ్డకట్టిన రొయ్యతో పాటు దాన్ని పెట్టే పౌచ్‌ల పనీ పెరిగింది. బయటి పొర 15 మైక్రాన్ల నైలాన్, లోపలి పొర పాలిథిన్, రెంటినీ పట్టి ఉంచేది పాలీయురేథేన్ జిగురు. రొయ్య తోక ముల్లు గుచ్చుకుంటే తట్టుకోవడానికి నైలాన్, సీలు అతుక్కోవడానికి పాలిథిన్.

పౌచ్ మెషిన్ ఆ లామినేట్‌ని మూడు వైపులా సీలు వేసి, కోసి, కట్టలుగా పేరుస్తుంది. నాలుగో వైపు తెరిచే ఉంటుంది. రొయ్యలు నింపాక ఆ మూతిని ప్లాంటువాళ్లు తమ మెషిన్ మీద సీలు చేసుకుంటారు. తగువంతా ఇక్కడే పుడుతుంది. కంటైనర్ ఒడ్డు దాటి వెళ్లాక అక్కడి కొనుగోలుదారు పౌచ్ లీకైందని ఫొటో పంపిస్తాడు. గాలి దూరిన పౌచ్‌లో రొయ్య తేమ కోల్పోయి తెల్లటి మచ్చలు పడుతుంది, రుచి పోతుంది. ఫొటోలో మచ్చలు కనిపిస్తాయి గానీ లీకు ఎక్కడుందో కనిపించదు. "మీ సీలే పోయింది" అని ప్లాంటు, "మూతి సీలు మీరేశారు కదా" అని యూనిట్. రెండువైపులా రికార్డు లేదు కాబట్టి చివరికి పౌచ్ చేసినవాడే డబ్బు తగ్గించుకుని ఊరుకునేవాడు. యజమాని నన్ను పిలిచినప్పుడు అడిగింది రెండు. లీకు పౌచ్ గేటు దాటకూడదు. దాటలేదని చూపించడానికి రికార్డు ఉండాలి.

వేడి, ఒత్తిడి, ఆగే సమయం

సీలు పడటానికి మూడు కుదరాలి: బార్ వేడి, జా (బార్‌ని ఫిల్మ్ మీద నొక్కే దవడ) ఒత్తిడి, బార్ ఫిల్మ్ మీద ఆగే సమయం. ఫిల్మ్ అడుగు అడుగుగా నడుస్తుంది. ఆగినప్పుడు వేడి బార్ దిగి నొక్కి లేస్తుంది, ఫిల్మ్ ముందుకు జరుగుతుంది, తర్వాత కూలింగ్ బార్ నొక్కుతుంది, చివర కత్తి కోస్తుంది. లోపలి పాలిథిన్ 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నైలాన్ 6 అయితే 220 దాకా కరగదు. కానీ బార్‌కి తగిలేది నైలాన్. ఆ వేడి నైలాన్‌ని దాటి, రెండు పాలిథిన్ పొరలు కలిసే చోటికి ఒక సెకనులో చిన్న భాగంలో చేరాలి. చేరకపోతే సీలు పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లాగితే విడిపోతుంది. దాన్ని మావాళ్లు కోల్డ్ సీల్ అంటారు. వేడి మరీ ఎక్కువైతే పాలిథిన్ పక్కకి పాకి సీలు అంచు పల్చబడుతుంది, అక్కడ తెగుతుంది.

కోల్డ్ సీల్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే కంటికి అది మంచి సీలులాగే ఉంటుంది. అదే మెరుపు, అదే గళ్ల అచ్చు. యజమానికి అప్పటికే వచ్చిన కొటేషన్లన్నీ మామూలు రంగుల కెమెరాలవి, కత్తి తర్వాత పౌచ్‌ని ఫొటో తీసేవి. అవి ప్రింటు తేడాలను, ఐమార్కు (ఎక్కడ కోయాలో మెషిన్‌కి చూపే ప్రింటు గుర్తు) జరగడాన్ని, ముడతలను బాగా పట్టుకుంటాయి. ఈ యూనిట్‌ని ముంచుతున్న తప్పు మాత్రం వాటికి కనిపించేది కాదు.

అందుకే థర్మల్ కెమెరా వైపు వెళ్లాం. బార్ లేచాక, కూలింగ్ బార్ కిందికి వెళ్లేలోపు సీలులో ఇంకా వేడి ఉంటుంది. వేడి బాగా చేరిన చోటు వెలుగుగా, చేరని చోటు చీకటిగా కనిపిస్తుంది. మధ్యలో మడత పడినా, రెండు పొరల నడుమ దుమ్ము ఇరుక్కున్నా వేడి నడిచే తీరు మారుతుంది కాబట్టి అదీ మచ్చలా తేలుతుంది. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఎగుమతి నిబంధనల వల్ల సెకనుకు 9 ఫ్రేములకే పరిమితమైన చవక రకం థర్మల్ కెమెరాలు మార్కెట్లో ఉన్నాయి. నిమిషానికి 100 స్ట్రోకులు (బార్ ఒకసారి దిగి లేస్తే ఒక స్ట్రోకు) నడిచే మెషిన్‌లో ఒక స్ట్రోకుకు 0.6 సెకను. అందులో సగం సేపు ఫిల్మ్ ఆగే ఉంటుంది. ఆ 0.3 సెకనులో రెండు ఫ్రేములైనా దొరుకుతాయి, మనకు కావలసింది ఒక్కటి.

బిగింపు పని మాత్రం జాగ్రత్తగా చేయాల్సి వచ్చింది. సన్నటి ప్లాస్టిక్ ఫిల్ముల గుండా ఈ కెమెరా చూసే పరారుణ కిరణాలు కొంత దూరిపోతాయి. ఫిల్మ్ వెనక ఏదైనా వేడి వస్తువు ఉంటే అదీ బొమ్మలోకి వస్తుంది. మెరిసే లోహం ఈ కెమెరాకి అద్దమే. పాలిష్ చేసిన ఫ్రేమ్‌లో హీటర్ బార్ ప్రతిబింబించి, సీలు పక్కనే మరో సీలు ఉన్నట్టు చూపిస్తుంది. ఫిల్మ్ వెనక మెరుపు లేని నల్ల పెయింటు వేసిన రేకు పెట్టి, చుట్టూ ఉన్న ఫ్రేముకీ అదే రంగు కొట్టించాం. ఇంకోటి, కెమెరా చూపే డిగ్రీలను నమ్మలేదు. ఒకే సీలులో ఈ చోటుకీ ఆ చోటుకీ తేడా, ఈ స్ట్రోకుకీ నిన్నటి మంచి స్ట్రోకుకీ తేడా, అవే వాడాం.

కెమెరాతో పాటు పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) నుంచి ప్రతి స్ట్రోకుకీ కొన్ని విలువలు తీసుకున్నాం: బార్ల సెట్టింగు, థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) చూపే వేడి, జా గాలి ఒత్తిడి, ఫిల్మ్ టెన్షన్, మెషిన్ స్పీడు. వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఎవరూ పట్టించుకోని ఒక విలువ: హీటర్‌కి కరెంటు ఎంత శాతం సేపు అందుతోందన్నది. బార్ వేడిని నిలకడగా ఉంచే పీఐడీ కంట్రోలర్ తన పని తాను చేస్తుంది. హీటర్ బలహీనపడినా, చల్లగాలి తగిలినా కరెంటు ఎక్కువ సేపు ఇచ్చి డిస్‌ప్లే మీద అంకెను నిలబెడుతుంది. ఆపరేటర్‌కి అంకె కదలకుండా కనిపిస్తుంది. జబ్బంతా ఆ శాతంలో దాక్కుంటుంది.

చింపి చూడందే ముద్ర వేయొద్దు

ఈ కేసులో నేను అందరికంటే గట్టిగా పట్టుబట్టింది ఇక్కడే.

మామూలుగా జరిగేది ఇది: ఫొటోలు పోగేస్తారు, క్యూసీ (నాణ్యత తనిఖీ) వాళ్లని కూర్చోబెట్టి 'మంచి', 'చెడు' అని విడదీయమంటారు, ఆ విడదీసిన దాంతో మోడల్‌ని నేర్పిస్తారు. మేమూ ముందుగా ఒక కట్ట పౌచ్‌లను ముగ్గురికి వేర్వేరుగా ఇచ్చి అడిగాం. ఒకరు క్యూసీ అమ్మాయి, ఒకరు షిఫ్ట్ ఇన్‌ఛార్జి, మూడోవాడు సీనియర్ ఆపరేటర్. ముగ్గురి జాబితాలు కలవలేదు. క్యూసీ అమ్మాయి ముడతలున్నవన్నీ పక్కన పెట్టింది. ఇన్‌ఛార్జి అంచు కాస్త పసుపు తిరిగినవి తీశాడు. ఆపరేటర్ కళ్లతో చూడనేలేదు. సీలు మీద బొటనవేలు గోరుతో గీసి, రెండు పొరలూ పట్టి లాగి, "సూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి బాబూ. లాగితే గానీ తెల్దు" అన్నాడు. ఆయన మాటే పద్ధతి అయింది.

సీలు బలం చూసే పరీక్ష కొత్తది కాదు. ఏఎస్‌టీఎం ఎఫ్88 అనే ప్రమాణం దానికోసమే ఉంది. సీలుకి అడ్డంగా పట్టీ కోసి, రెండు కొసలనూ మెషిన్ దవడల్లో బిగించి, విడిపోయేదాకా లాగి, ఎన్ని న్యూటన్ల దగ్గర విడిపోయిందో రాస్తారు. మేం 15 మి.మీ. వెడల్పు పట్టీలు కోశాం. ఎంత బలానికి పోయిందన్నది ఎంత ముఖ్యమో, ఎలా పోయిందన్నదీ అంతే ముఖ్యం. సీలు తెరుచుకుంటే వేడి చాలలేదు. సీలు అంచున ఫిల్మ్ తెగితే వేడి ఎక్కువైంది. నైలాన్, పాలిథిన్ విడివడి పోతే తప్పు సీలింగ్‌ది కాదు, లామినేషన్‌ది. ఒకే అంకె వచ్చిన మూడు పట్టీలు మూడు వేర్వేరు రోగాలు చెబుతాయి. రిజిస్టర్‌లో అంకె పక్కన ఆ రెండో గడి ఉండాలని ఎవరికైనా నా మొదటి సలహా.

కష్టమైన పని ముడి వేయడం. కెమెరా ఫలానా క్షణంలో తీసిన ఫలానా బొమ్మ, తర్వాత బల్ల మీద చింపిన ఫలానా పట్టీ, రెండూ ఒకే సీలువని ఖాయంగా తెలియాలి. కెమెరాకీ కత్తికీ మధ్య ఫిల్మ్ కొన్ని స్ట్రోకులు ప్రయాణిస్తుంది. పీఎల్‌సీలో షిఫ్ట్ రిజిస్టర్ (ఫిల్మ్‌తో పాటు నంబర్లనూ అడుగు అడుగుగా ముందుకు జరిపే లెక్క) పెట్టి ప్రతి స్ట్రోకుకీ ఒక నంబరిచ్చి, అది కత్తి దగ్గరికొచ్చేసరికి ఇంక్‌జెట్‌తో పౌచ్ అంచున ఆ నంబరు కొట్టించాం. క్యూసీ అమ్మాయి పౌచ్ తీసి, నంబరు చూసి, ఎడమ, మధ్య, కుడి మూడు చోట్ల పట్టీలు కోసి లాగి, ఫలితం టైపు చేస్తే ఆ బొమ్మలో సరిగ్గా ఆ మూడు చోట్లకే ముద్ర పడుతుంది. ఇది నెమ్మది పని. రోజంతా చేసినా వచ్చేవి కొద్ది నమూనాలే. కానీ వాటిలో ఒక్కటీ అబద్ధం చెప్పదు.

చెడ్డ నమూనాలు సహజంగా దొరికేదాకా కాచుక్కూర్చోలేదు. యజమానిని ఒప్పించి ఒక పూట మెషిన్ తీసుకున్నాం. బార్ వేడిని మెట్లు మెట్లుగా దించుతూ, తర్వాత పెంచుతూ, ఒత్తిడి తగ్గిస్తూ, ఫిల్మ్ అతుక్కోకుండా బార్ మీద వేసే టెఫ్లాన్ టేపు అరిగినదాన్ని కావాలని అంటించి, సీలు మధ్య వెంట్రుక, దారప్పోగు, నీటిచుక్క పెట్టి పౌచ్‌లు తీశాం. ఆ సరుకంతా ఎర్ర సంచుల్లో వేరు చేసి, పరీక్ష కాగానే కోసి పారేశాం. ఈ కట్టుదిట్టం లేకుండా ఎవరూ ఈ పని చేయకూడదు. ఒక్క కట్ట పొరపాటున మంచి సరుకులో కలిస్తే ఏ లీకుని ఆపాలనుకున్నామో దాన్ని మనమే పంపినట్టవుతుంది.

మోడల్, దాని గీత

మోడల్ గురించి తక్కువే చెబుతాను, ఇందులో మా సొంత కనిపెట్టుడు ఏమీ లేదు. మంచి సరుకు బోలెడు, చెడ్డ సరుకు అరుదు అయినచోట, మంచిదాన్ని మాత్రమే నేర్పి, దానికి భిన్నంగా ఉన్నదాన్ని వేలెత్తి చూపించే మోడళ్లు వాడతారు. 2019లో ఎంవీటెక్ సంస్థ ఈ రకం తనిఖీ కోసం 15 రకాల వస్తువుల, ఉపరితలాల బొమ్మల సెట్ విడుదల చేశాక ఈ పద్ధతులు బాగా పదునెక్కాయి. మేం రెండు అంచెలు పెట్టాం. మొదటిది 'ఈ సీలు తేడాగా ఉంది, ఈ చోట' అంటుంది. రెండోది, చిన్నది, పట్టీలు చింపి వేసిన ముద్రలతో నేర్చుకున్నది, 'చల్లబడింది', 'మాడింది', 'మడత', 'మధ్యలో ఏదో ఉంది' అని కారణం చెబుతుంది. అంతా మెషిన్ పక్కన ప్యానెల్‌లో ఉన్న చిన్న కంప్యూటర్‌లోనే నడుస్తుంది. నెట్ పోయినా ఆగదు. ఉప్పు గాలికి కనెక్టర్లు చిలుము పట్టే ఊరు కాబట్టి ప్యానెల్‌ని పూర్తిగా మూసి, లోపల తేమ పీల్చే సంచులు పెట్టి, వాటిని మార్చే తేదీని మెయింటెనెన్స్ చార్టులో ఎక్కించాం.

గీత ఎక్కడ గీయాలన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. లెక్క చూడండి. మెషిన్ పక్కపక్కనే రెండు వరుసల్లో పౌచ్‌లు తీస్తుంది కాబట్టి నిమిషానికి 100 స్ట్రోకులంటే గంటకు 12,000 పౌచ్‌లు, ఎనిమిది గంటల షిఫ్టుకు 96,000. మోడల్ మంచి పౌచ్‌లలో నూటికి ఒకదాన్ని అనవసరంగా తప్పుపట్టినా షిఫ్టుకు 960 దాకా మంచి పౌచ్‌లు చెత్తలోకి పోతాయి. నాలుగు రోజులు అలా జరిగితే ఆపరేటర్ ఆ దీపాన్ని చూడటం మానేస్తాడు. అందుకని తెంపి పారేసే గీతను గట్టిగా, ముందుగా హెచ్చరించే గీతను మెత్తగా పెట్టాం. మొదటి గీత దాటిన పౌచ్ పక్కకి వెళ్తుంది. రెండోది దాటితే పౌచ్ వెళ్లిపోతుంది గానీ స్క్రీన్ మీద మాట పడుతుంది. ఆ మాట తెలుగులో ఉండాలని పట్టుబట్టాను. ఎర్రర్ కోడ్ బదులు 'ఎడమ చివర చల్లబడుతోంది, హీటర్ చూడండి' అని ఉంటుంది. పక్కనే సీలు బొమ్మ, తేడా ఉన్న చోట చుట్టూ గీత.

స్క్రీన్ పెట్టిన కొత్తలో సీనియర్ ఆపరేటర్ నన్ను పక్కకి పిలిచి సూటిగా అడిగాడు: "ఏటి బాబూ, ఇది సీలు సూడ్డానికా, మమ్మల్ని సూడ్డానికా?" న్యాయమైన ప్రశ్న. "సీలు చూడ్డానికే బాబాయ్. నీ పేరు దీంట్లో ఎక్కడా ఉండదు" అని చెప్పి, అలాగే చేశాం. రికార్డులో మెషిన్, రోలు, స్ట్రోకు నంబరు ఉంటాయి, మనిషి పేరు ఉండదు. యజమాని దగ్గర ఈ షరతును కాగితం మీద పెట్టించాం. ఆపరేటర్‌కి భయం ఉన్నచోట ఆయన స్క్రీన్‌ని దాటవేసే మార్గం వెతుక్కుంటాడు. భయం పోయాక ఆయనే దానికి కొత్త సంగతులు చూపించాడు.

మధ్యాహ్నం షట్టర్

మొదటి పెద్ద దొరుకుబడి ఇదే. హెచ్చరికలను గంటల వారీగా వేసి చూస్తే రెండో నంబరు మెషిన్‌లో ఎడమ చివర చల్లబడటం పొద్దున ఉండదు, రాత్రి ఉండదు. మధ్యాహ్నం మొదలై సాయంత్రం సద్దుమణుగుతోంది. డిస్‌ప్లేలో బార్ వేడి మాత్రం కదలడం లేదు. కరెంటు శాతం ఆ గంటల్లోనే పైకి పోతోంది. మోడల్ చెప్పింది ఇంతవరకే. దానికి గోడలు తెలియవు, తలుపులు తెలియవు.

గ్రాఫు ప్రింటు తీసి ఆపరేటర్ ముందు పెట్టాను. ఒక నిమిషం చూసి లేచి, తూర్పు వైపు షట్టర్ దగ్గరికి నడిచాడు. "ఎండ ముదిరినాక ఇది ఎత్తేత్తాం బాబూ. ఉక్కకి ఉండలేం." విశాఖలో ఎండాకాలం మధ్యాహ్నమంటే సముద్రపు గాలి తిరిగే వేళ. షట్టర్ లేపగానే ఆ గాలి నేరుగా వచ్చి తగిలేది రెండో మెషిన్ ఎడమ పక్కనే. థర్మోకపుల్ ఉన్నది బార్ మధ్యలో. మధ్య భాగం బాగానే ఉంది, అంకె బాగానే ఉంది. అసలే బార్ కొసల్లో వేడి కాస్త తక్కువ, దాని మీద గాలి. ఎడమ వరుస పౌచ్‌ల అంచు సీలు బలం జారిపోతోంది. ఆ గంటల్లో తీసిన పౌచ్‌లను చింపి చూస్తే పట్టీలు సీలు దగ్గరే తెరుచుకున్నాయి, మోడల్ మాట నిజమైంది. పాత ఫిర్యాదుల్లో రోలు నంబరు దొరికిన వాటిని వెనక్కి లాగితే ఎక్కువ భాగం రెండో మెషిన్‌వే.

షట్టర్ మూసేయమని నోటీసు అంటించడం తేలిక. ఆ వేడిలో ఎనిమిది గంటలు నిలబడేది మనుషులు. సీలింగ్ స్టేషన్‌కి ఎడమ పక్క, పైన పారదర్శకమైన యాక్రిలిక్ రేకు కట్టాం, ఆపరేటర్ నిలబడే చోట మెషిన్‌కి తగలని కోణంలో పెద్ద ఫ్యాన్ పెట్టించాం, షట్టర్ తెరిచే ఉంది. బార్ కొసల్లో కాస్త ఎక్కువ వేడినిచ్చే హీటర్లు వేయించి, రెండో థర్మోకపుల్‌ని ఎడమ కొసకి దగ్గరగా దింపాం. ఆ గంటల హెచ్చరికలు ఆగిపోయాయి. చింపిన పట్టీల బలం పొద్దుటి పట్టీలతో సమానమైంది.

షట్టర్ సంగతి తేలాక ఆపరేటర్లు తేడా 'ఎక్కడ' వస్తోందో చూసి కారణం పట్టడం మొదలుపెట్టారు. దానికి స్క్రీన్ మీద ఒక చిన్న సహాయం చేర్చాం: గత కొన్ని వందల స్ట్రోకుల్లో తేడాలు పడిన చోట్లన్నీ ఒక పటంలా. ప్రతి స్ట్రోకులో బార్ మీద ఒకేచోట గీత పడుతుంటే టెఫ్లాన్ అరిగింది, లేదా కింద సిలికాన్ రబ్బరు గట్టిపడి గుంట పడింది. చోటు మారుతూ ఎక్కడపడితే అక్కడ వస్తుంటే ఫిల్మ్‌లో మడత, టెన్షన్ చూడాలి. ఫిల్మ్ పొడవునా సమాన దూరాల్లో వస్తుంటే రోలర్‌ని అనుమానించాలి. 100 మి.మీ. వ్యాసం ఉన్న రోలర్ చుట్టుకొలత 314 మి.మీ., మచ్చ ప్రతి 314 మి.మీ.కి వస్తే ఆ రోలర్ మీద ఏదో అంటుకుంది. ఇది పాతకాలపు మెకానిక్‌లకి తెలిసిన విద్యే. వాళ్లు పౌచ్‌లు వరసగా నేల మీద పరిచి టేపుతో కొలిచేవాళ్లు, ఇప్పుడు పటం క్షణంలో చూపిస్తోంది.

ఆటోనగర్‌లో కరెంటు సంగతీ ఇందులోనే తేలింది. చుట్టూ ఫ్యాబ్రికేషన్ షెడ్లు, వెల్డింగ్ మెషిన్లు. ఓల్టేజి 10 శాతం పడితే హీటర్ పవర్ 19 శాతం పడుతుంది, ఎందుకంటే పవర్ ఓల్టేజి వర్గంతో మారుతుంది. జా అప్పటికే పూర్తి స్పీడులో నడుస్తుంటే కంట్రోలర్‌కి ఇవ్వడానికి మిగిలింది ఉండదు. కరెంటు శాతం నూటికి తగిలి అక్కడే కూర్చున్న స్ట్రోకులను విడిగా గుర్తించి, ఆ కాసేపూ మెషిన్ స్పీడు దానంతటదే తగ్గేలా పీఎల్‌సీలో రాశాం. ఇందులో ఏఐ లేదు, మామూలు లాజిక్కే.

వానలు పడ్డాక

ఈ ఊళ్లో ఏ మోడల్‌కైనా అసలు పరీక్ష వర్షాకాలం. నైలాన్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్న ఫిల్మ్ అంచులు ముడుచుకుంటాయి, వేడి బార్ కింద ఆ తేమ ఆవిరై సీలులో సన్న బుడగలు లేస్తాయి. లామినేషన్ దగ్గర ఇంకో బాధ ఉంది: పాలీయురేథేన్ జిగురులోని ఐసోసైనేట్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పొరల మధ్య బుడగలు, బలహీనమైన అతుకు. వానలు మొదలయ్యాక మోడల్ హెచ్చరికలు పెరిగాయి. 'సీజన్ మారింది కదా, కొత్త బొమ్మలతో మళ్లీ నేర్పించేయండి' అని యజమాని అడిగాడు. నేను ఒప్పుకోలేదు. పట్టీలు చింపి చూశాం. కొన్ని రోళ్లలో నైలాన్, పాలిథిన్ విడివడి పోతున్నాయి. అంటే మోడల్ చెప్పిన తేడా నిజంగా ఉన్న తేడా. దాన్ని 'మామూలే' అని నేర్పి ఉంటే లామినేషన్ తప్పుని మన చేత్తో కప్పేసినవాళ్లం అయ్యేవాళ్లం.

అందుకే ఇక్కడ మోడల్ తనంతట తాను నేర్చుకోదు. రోజూ మెల్లగా చల్లబడుతున్న హీటర్‌ని చూస్తూ స్వయంగా సర్దుకునే మోడల్, నెల తిరిగేసరికి కోల్డ్ సీల్‌ని మంచి సీలుగా ఒప్పేసుకుంటుంది. కొత్త బొమ్మ నేర్పులోకి వెళ్లాలంటే ఆ రోలు పట్టీలు పరీక్షలో నెగ్గి ఉండాలి, క్యూసీ సంతకం ఉండాలి. కొత్త సైజు, కొత్త ఫిల్మ్ వేసినప్పుడూ ఇదే నియమం: సెట్టింగు కుదిరాక కొన్ని వందల స్ట్రోకులు పక్కన పెట్టి, వాటిలోంచి చింపి చూసి, నెగ్గితేనే అవి ఆ జాబుకి కొలబద్ద. నైలాన్ రోళ్లను మెషిన్ ఎక్కేదాకా కవరు విప్పకుండా ఉంచడం, లామినేషన్ గదిలో తేమ మీటరు పెట్టి అది గీత దాటితే జిగురు పని ఆపడం, ఇవి ఆ వానాకాలంలో వచ్చిన మార్పులు.

ఈ వ్యవస్థ చూడలేనివీ చెప్పాలి. కెమెరా బొమ్మలో ఒక్కో చుక్క ఫిల్మ్ మీద సుమారు ఒక మి.మీ. అంతకన్నా సన్నటి నాళంలాంటి లీకు, చుట్టూ వేడి తేడా లేకపోతే, తప్పించుకుంటుంది. కాబట్టి నీళ్ల తొట్టిలో పౌచ్‌ని ముంచి వాక్యూమ్ పెట్టి బుడగలు చూసే పరీక్షను గంట గంటకీ కొనసాగిస్తున్నాం, ఏఐ వచ్చిందని దాన్ని తీసేయనివ్వలేదు. రొయ్య ముల్లు పొడిచిన చిల్లు, కంటైనర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర పెళుసెక్కి రాపిడికి పగిలిన మూల, ఇవి మా మెషిన్ దాటాక జరిగేవి. పౌచ్ పుట్టిన క్షణంలో దాని మూడు సీళ్లు ఎలా ఉన్నాయన్నదే మన సాక్ష్యం.

ఆ సాక్ష్యం చాలా పనిచేసింది. ఇప్పుడు ప్రతి కట్టతో రోలు నంబరు, స్ట్రోకుల శ్రేణి ఉన్న చీటీ వెళ్తుంది. ఫిర్యాదు వస్తే పౌచ్ అంచున నంబరు అడిగి, ఆ సీలు బొమ్మ తెరుస్తారు. తర్వాత వచ్చిన ఒక ఫిర్యాదులో ప్లాంటువాళ్లు పౌచ్‌నే వెనక్కి పంపారు. మూడు సీళ్ల బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. పౌచ్‌లో రంగు నీళ్లు పోసి చూస్తే మూతి సీలు దగ్గర, రొయ్య మీది ఐసు నీరు పడిన చోట కారింది. ఈసారి ఎవరూ గొంతు పెంచలేదు. ప్లాంటు ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి మా స్క్రీన్ ముందు చాలాసేపు నిలబడి, తమ మూతి సీలు మెషిన్ దగ్గర ఇలాంటిదే పెట్టవచ్చా అని అడిగాడు.

అక్కడ పని వేరేగా ఉంటుంది. గది చల్లన, సీలు తడి, చేతులు తడి, పౌచ్ కన్వేయర్ మీద ఆగకుండా నడుస్తుంది కాబట్టి 9 ఫ్రేముల కెమెరా చాలదు. ముందు పట్టీలు కోసే యంత్రం ఒకటి తెచ్చుకోమని చెప్పాను. ఒక సీజన్ సరుకుని చింపి, నంబర్లు వేసి, ఎలా పోతోందో రాసుకున్నాక కెమెరా సంగతి మాట్లాడదామని అనుకున్నాం. యంత్రం వచ్చింది. మా క్యూసీ అమ్మాయి వారానికి రెండు పూటలు వెళ్లి వాళ్లకు పట్టీ కోయడం నేర్పిస్తోంది.